ఆదివారం కోసిన ఆకు

షాలేమ్‌రాజు గారి మీద ఆయన భార్య గ్రేస్‌కు ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకు దేవుడి ఆజ్ఞలు మరీ బాగా వచ్చు. బనియన్ ఎక్కడ విడిచారో గుర్తుండదు గానీ, ఎవరు ఏ ఆజ్ఞ మీరితే ఏ కష్టం వస్తుందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉన్న ఆ ఊళ్లో ఆయన సంఘ పెద్ద. నాగరాజు మిరపతోటకు తెగులు తగిలింది: ఆరాధన ఎగ్గొట్టి పిల్లలకు పర్ణశాల చూపించినందుకు. సుకుమార్ బోరు ఎండింది: ప్రసంగంలో కునుకు తీసినందుకు. షాలేమ్‌రాజు గారి మోకాలి నొప్పి మాత్రం శిక్ష కాదు, శోధన. ఈ తేడా మీకు వివరించనక్కర్లేదు. ఇతరులకు వచ్చేది శిక్ష, మనకు వచ్చేది శోధన.

ఈ వేసవిలో ఆయనకు సంఘంలోని మరియ దొరికింది. అవి బీడీలకు తునికాకు కోసే రోజులు. ఆకు ముదిరితే కొనుగోలు కల్లంలో తీసుకోరు. అందుకని మరియ ఆదివారం పొద్దున్నే అడవికి వెళ్లి ఆకు కోసుకొచ్చి, తలస్నానం చేసి, ఆరాధనకు అందరికంటే ముందొచ్చి కూర్చుంది. ఆ సాయంత్రం గాలివాన వచ్చి కల్లంలో ఊరందరి ఆకూ తడిసిపోయింది. కారణం కనుక్కోవడానికి సంఘ కమిటీకి ఎంతోసేపు పట్టలేదు.

"విశ్రాంతి దినమున పనిచేసి ఊరి మీదికి వాన తెచ్చినందున, సహోదరి మరియను ప్రభువు బల్లకు దూరముంచడమైనది" అని మరుసటి ఆదివారం షాలేమ్‌రాజు గారే మైకులో చదివారు. గొంతు గంభీరంగా పలికింది.

"ఆకు ఆదివారమని ఆగుతదా అన్నా?" అంది మరియ. ప్రశ్నలకు ఆనాటి కార్యక్రమంలో చోటు లేదు.

ప్రభువు బల్ల రొట్టె పళ్లెం తన ముందు ఆగకుండా పక్కకు జరిగిపోతుంటే, మరియ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. భర్త చనిపోయిన నెలలో కూడా బల్ల తప్పని మనిషి. గ్రేస్‌కు నోట్లో రొట్టెముక్క మింగుడు పడలేదు.

ఆరాధన అయ్యాక ఆనవాయితీ ప్రకారం పాస్టరయ్య, కమిటీ సభ్యుడు జోజి భోజనానికి వచ్చారు. గ్రేస్ పట్టుచీర మార్చకుండా ఫ్యాను కింద కూర్చుంది. కూరలో ఉండాల్సిన నాటుకోడి పెరట్లో తిరుగుతోంది.

"ఏందే, ఇంక పొయ్యి ముట్టియ్యలే?" అన్నారు షాలేమ్‌రాజు గారు.

"ఆదివారం కదండీ. మళ్ల వానొస్తే ఊరికేం జెప్తం?"

"వంట పనెట్లయితదే?"

"పని గాదా? మరి మీరు చెయ్యిన్రి."

కమిటీ అక్కడికక్కడే అత్యవసరంగా సమావేశమై, ఆదివారపు వంట పని కాదనీ, పరిచర్య అనీ ఏకగ్రీవంగా తీర్మానించింది. గ్రేస్ తీర్మానాన్ని మనస్ఫూర్తిగా గౌరవించి, అంతటి భాగ్యం తానొక్కతే అనుభవించడం న్యాయం కాదంటూ వంటింటి తలుపు బార్లా తీసింది. ముగ్గురూ లోపలికి తొంగి చూశారు. లైటర్ ఎక్కడుందో ముగ్గురిలో ఒక్కరికీ ప్రత్యక్షం కాలేదు.

పొద్దు వాలేసరికి జోజికి కళ్లు తిరిగాయి.

"రాండ్రి, తిండి ఉన్న ఇల్లు చూపిస్త" అని గ్రేస్ లేచింది.

మరియ వాకిట్లో కూర్చుని ఆకు కట్టలు కడుతోంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. పెద్దలను చూడగానే ఉలిక్కిపడి లేచింది.

"మళ్ల ఏం తప్పు జేసిన అన్నా?"

"నువ్వేం జెయ్యలే అక్కా. వీళ్లు ఆకలి మీదున్నరు" అంది గ్రేస్.

మరియ చెంబుల్లో జావ పోసి, మామిడికాయ ముక్కలు పెట్టింది. ఏ రోజు కాచావని ఎవరూ అడగలేదు. పాస్టరయ్య ప్రార్థన కూడా క్లుప్తంగానే ముగించారు. రెండోసారి పోయించుకునేటప్పుడు అసలు ప్రార్థనే లేదు.

షాలేమ్‌రాజు గారు మీసాలు తుడుచుకుని గ్రేస్ వైపు చూశారు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఆయన మరియ ముందుకు వెళ్లి నిలబడ్డారు. మైకు లేకపోయేసరికి గొంతు సన్నగా వచ్చింది.

"నువ్వు ఆకు కోస్తే పాపమన్న. మా ఇంట్ల కోడి కోస్తే పరిచర్యన్న. తప్పు నాదే చెల్లే. బల్లకు రా."