వేలాడదీసిన ఫర్నేసు

వాగు ఒడ్డున ఇల్లు కట్టినవాడికి బుద్ధి లేదు. ఆ ఇంటి కింద ఫర్నేసు పెట్టినవాడికి అంతకన్నా లేదు. ఇల్లు కట్టింది వెర్లిన్ తాత. ఫర్నేసు పెట్టింది వెర్లిన్. వంశం పేరు నిలబెట్టాడు.

అమెరికాలో కెంటకీలోని ఆ మూల ఒహాయో నది నిండితే వాగు వెనక్కి పారుతుంది. వసంతం రాగానే ఊళ్ళో అందరి ఇళ్ళ ముందు పూలు, వెర్లిన్ ఇంటి కింద నీళ్ళు. పలకల నేలకీ అడుగున ఉన్న మట్టికీ మధ్య మనిషి పొట్టమీద పాకేంత జాగా. ఇంటికంతటికీ వేడిగాలి పంపే ఫర్నేసు ఆ జాగాలోనే, నాలుగు ఇటుకల మీద, వియ్యాలవారింటికి వచ్చిన పెద్దమనిషిలా కూర్చుని ఉంది. ఇప్పటికి రెండుసార్లు మునిగింది. రెండుసార్లూ ఫర్నేసులు బాగుచేసే చెస్టర్ దాన్ని ఎండబెట్టి బతికించాడు.

"మూడోసారి మునిగితే నన్ను పిలవకండి, పాస్టరుగారిని పిలవండి" అని చెప్పి పోయాడు.

దాంతో వెర్లిన్ పెళ్ళాం ఓపల్ అతనికి తీర్పు వినిపించింది. "చలి ముదిరేలోపు ఫర్నేసు పైకి రావాలి. హాలు పక్క కొట్టులోకి."

వెర్లిన్ నోట్లో మొక్కజొన్న రొట్టె ఆగిపోయింది.

ఆ కొట్టులో మనిషి నిలబడితే రెండు మోచేతులూ గోడలకి తగులుతాయి. అయినా ఆ ఇంట్లో వెర్లిన్‌ది అనదగ్గది అదొక్కటే. గేలపు కర్రలు, ఎరల పెట్టెలు, ఒక కుర్చీ, ఒక రేడియో. తలుపేసుకుని కూర్చుంటే ఓపల్ పిలుపు వినపడదు. వినపడినా వినపడదు.

"కుదరదే. చెక్క గోడలు. అంటుకుంటాయి."

"రెండుసార్లు మునిగింది అంటుకుంటుందా?"

"చప్పుడు చేస్తుంది."

"నీ గురక కన్నానా?"

"పోనీ, నీ సీసాల కొట్టులో పెడదాం."

"నా సీసాల్లో టమాటాలున్నాయి, చిక్కుళ్ళున్నాయి. చలికాలమంతా నీ పొట్ట నింపేవి అవే. నీ గేలాలు ఏం పెట్టాయయ్యా? పట్టిన చేప ఒక్కటి చెప్పు."

తప్పించుకున్నవి చాలా ఉన్నాయి. వాటిని ఆమె లెక్కలోకి తీసుకోదు.

"సరేలే, రేపు చూద్దాం" అన్నాడు.

ఊళ్ళో అతన్ని రేపటి వెర్లిన్ అంటారు. విరిగిన వసారా మెట్టు రేపు బాగవుతుంది. కారే కొళాయి రేపు ఆగుతుంది. ఫర్నేసు మునిగినప్పుడల్లా ఇల్లు మంచుగడ్డ అయి, ఓపల్ వేళ్ళు కొయ్యబారి సూది పట్టుకోలేకపోయింది. అది ఆమె నోటితో చెప్పలేదు. నోటితో చెప్పనిది మొగుళ్ళకి తెలియదు. తెలిసేసరికి చెప్పడానికి ఆ నోరు ఉండదు.

ఓపల్ రెట్టించలేదు. రొట్టెకి వెన్న రాస్తూ, "రేపూ వద్దు, ఎల్లుండీ వద్దు. చెస్టర్‌తో మాట్లాడుకుంటాను. నువ్వు మాత్రం దానిమీద చెయ్యి వెయ్యకు. బరువు. నీ వయసుకి కాని పని" అంది.

పెళ్ళాం అరుస్తుంటే భయం లేదు. వెన్న రాస్తూ మాట్లాడితే భయపడాలి. వెర్లిన్ భయపడలేదు, రోషపడ్డాడు. చేతిలో రొట్టె అలాగే పట్టుకుని పక్కింటి ఎల్వుడ్ దగ్గరికి నడిచాడు.

ఎల్వుడ్ దగ్గర పళ్ళచక్రం గొలుసు ఉంది. వేటాడిన జింకను చెట్టుకి ఎత్తి తోలు వలవడానికి.

"నీళ్ళొచ్చేది ఇటుకల మీద జానెడే కదా" అన్నాడు వెర్లిన్. "ఫర్నేసుని నేల దూలానికి వేలాడదీస్తాను. నీళ్ళు కింద, అది పైన. చెస్టర్ వచ్చి చూసేసరికి ఇక పని ఉండదు. నా కొట్టు నాకు."

"జింకకైతే పరవాలేదురా, చచ్చాకే వేలాడదీస్తాం" అన్నాడు ఎల్వుడ్. "ఓపల్‌కి తెలుసా?"

"తెలీదు."

"తీసుకుపో. నా పేరు మాత్రం ఎత్తకు."

గురువారం ముహూర్తం పెట్టుకున్నాడు. ఆ రోజు చర్చి ఆడవాళ్ళు ఓపల్ ఇంట్లో బొంతలు కుడతారు. అంతమంది ఒక చట్రం చుట్టూ చేరితే నేల కింద ఫిరంగి పేల్చినా వినపడదని అతని ధీమా. చేపలకి పోతున్నానని చెప్పి, గేలం భుజాన వేసుకుని, ఇంటి చుట్టూ తిరిగి పెరట్లోకి వచ్చాడు.

ముందు కరెంటు ఆపాలి. పెరటి గోడకున్న పెట్టెలో మీటల పక్కన పేర్లు రాసింది వెర్లినే, కాబట్టి ఏ పేరూ నమ్మడానికి లేదు. 'ఫర్నేసు' అని ఉన్నది నొక్కాడు. లోపల కాఫీ కాగడం ఆగింది. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. వెర్లిన్ పొద వెనక నక్కాడు. ఓపల్ వచ్చి, పెట్టె తెరిచి, మూసి, వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

తరవాత చూస్తే కాఫీ మీట పైకి లేచి ఉంది. ఇంకో మీట కిందికి ఉంది. ఫర్నేసు చప్పుడు లేదు. దేవుడే తన పక్షాన ఉన్నాడనుకున్నాడు వెర్లిన్. దేవుడికి కాఫీతో ఏం పనో ఆలోచించలేదు.

చిన్న తలుపులోంచి దూరి బురదలో పాకాడు. తీగెలు విప్పాడు. మరలు విప్పాడు. పైకి పోయే రేకు గొట్టం ఊడదీయగానే వేడిగాలి గదిలోకి వచ్చే జల్లెడ మూతలోంచి పైవాళ్ళ మాటలు మీద రాలాయి.

"మా తమ్ముడేడే?" అది అతని అక్క జెనీవా గొంతు.

"చేపలకి పోయాడు" అంది ఓపల్.

"అయితే వాటికి ఇవాళ సెలవు. నీ ఓపికకి దణ్ణం పెట్టాలే. మా అమ్మ వాణ్ణి కుర్చీతో సహా కన్నది."

వెర్లిన్ పళ్ళు కొరికాడు. బురద తగిలింది.

దూలానికి కొక్కెం తగిలించి, ఫర్నేసు నడుముకి గొలుసు చుట్టి, చక్రం తిప్పాడు. కటకట. ఫర్నేసు లేవలేదు. ఇంకా తిప్పాడు. కటకట. ఫర్నేసుకీ దూలానికీ మధ్య దూరం మాత్రం తగ్గింది. వెర్లిన్‌కి సంతోషమైంది. ఏళ్ళ తరబడి వాగునీళ్ళు తాగిన దూలమే కిందికి వస్తోందని అతనికి తెలియదు.

"అమ్మాయిలూ, ఇల్లు వంగుతోంది" అంది జెనీవా పైన.

"భూకంపమేమో!"

"భూకంపమైతే అందరికీ రావాలిగా? నా కుర్చీ కిందికే వచ్చింది!"

కటకట. దారపు ఉండలు బల్ల మీంచి దొర్లాయి. యాపిల్ తీపిరొట్టె జారింది, ఎవరో పట్టుకున్నారు. జెనీవా కప్పుని మాత్రం ఎవరూ పట్టుకోలేదు. వేడి కాఫీ జల్లెడ మూతలోంచి నేరుగా వెర్లిన్ మెడ మీదికి దిగింది.

"చచ్చాన్రోయ్!"

జెనీవా మోకాళ్ళ మీద వంగి మూత దగ్గర మొహం పెట్టింది.

"ఎవర్రా అది?"

"నేనే అక్కా."

"చేపలేమన్నా పడ్డాయా?"

ఆడవాళ్ళ నవ్వుకి దూలం ఇంకో బెత్తెడు దిగింది.

"నవ్వొద్దు, కొంప కూలుతుంది!" అని ఓపల్ మూత దగ్గరికి వచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు. అదే వెర్లిన్‌ని భయపెట్టింది. "ఏమయ్యా, గొలుసు వదులు చెయ్యి. మెల్లగా. తీగెలన్నీ విప్పేశావా?"

"ఆ."

"మరలు?"

"విప్పాను."

"గొట్టం?"

"అదీ."

"ఇక తలుపు దాకా లాగెయ్. చెస్టర్ వచ్చి గంటయింది. యాపిల్ తీపిరొట్టె రెండో ముక్క తింటున్నాడు."

వెర్లిన్ బురదలో ఫర్నేసుని వాటేసుకుని లాగాడు. తలుపు దగ్గర బయట చెస్టర్ బూట్లు కనిపించాయి. తళతళలాడుతున్నాయి.

"పాములున్న చోట నేను పాకనని ఓపలమ్మకి ముందే చెప్పాను" అన్నాడు చెస్టర్, మూతి తుడుచుకుంటూ. "ఎవరన్నా విప్పి తలుపు దాకా తెస్తే మిగతాది నా పని అన్నాను. తెచ్చేవాడు ఉన్నాడు, వద్దంటే చాలు, అంది."

వెర్లిన్ బయటికొచ్చి నిలబడ్డాడు. కళ్ళు తప్ప అంతా బురద.

"ఆ మాటేదో నాతోనే చెప్పొచ్చుగా?"

"చెబితే?" అంది ఓపల్.

"చేసేవాణ్ణి."

"ఎప్పుడు?"

వెర్లిన్ నోరు తెరిచాడు. రాబోయే మాటేమిటో తెలిసి మూసుకున్నాడు.

లోపల కొట్టు అప్పటికే ఖాళీ. ఆడవాళ్ళు వరసగా నిలబడి గేలాలూ పెట్టెలూ చేతులు మార్చి వసారాలో పడేశారు. నేల మీద ఫర్నేసు ఎక్కడ కూర్చోవాలో ఓపల్ సుద్దముక్కతో గీసి ఉంచింది. ఎల్వుడ్ కొత్త దూలం భుజాన వేసుకుని వచ్చాడు. ముందే కోసి ఉంచినట్టు కొలత సరిపోయింది. వెర్లిన్ అతనివైపు చూశాడు. అతను ఆకాశంవైపు చూశాడు.

"మరి నేనెక్కడ కూర్చోను?" అన్నాడు వెర్లిన్.

"కింద ఖాళీ అయిందిగా" అంది జెనీవా. "గేలం పట్టుకుని కూర్చో. వాగొస్తే చేపలే నీ దగ్గరికి వస్తాయి."

మంచు కురిసే రోజుల్లో ఇల్లు వెచ్చగా ఉంది. ఓపల్ సూది ఆగలేదు. వెర్లిన్ కుర్చీ బొంత చట్రం పక్కన చేరింది. రేడియో పెడితే ఆడవాళ్ళకి మాటలు వినపడవట, అందుకని అతను ఊరికే కూర్చుని సూదులకి దారం ఎక్కించేవాడు.

వసంతంలో నది నిండింది. వాగు వెనక్కి తిరిగి ఇంటి కిందికి వచ్చింది. మూలమూలా వెతికింది. ఏమీ దొరక్క రెండోనాటికి వెళ్ళిపోయింది.

కిటికీలోంచి చూస్తున్న ఓపల్ "పాపం" అంది.

ఎవరి గురించో వెర్లిన్ అడగలేదు.