హవల్దార్ లాల్‌సింగ్ ఎడమ చెంప

మనిషికి ముఖం ఉండటం ఒక సంగతి, ఆ ముఖం అతనిదేనని దస్త్రం ఒప్పుకోవడం మరో సంగతి. మొదటిది తల్లి కడుపులోనే తేలిపోతుంది. రెండోది తేలడానికి ఖమ్మంలో ఒక కార్యాలయం ఉంది. పేరు మాజీ సైనికుల ముఖ నిర్ధారణ విభాగం, రెండో అంతస్తు. (లిఫ్టు ఉంది. లిఫ్టు అని రాసి ఉంది కూడా.)

దమ్మపేట దగ్గరి తండాకు చెందిన హవల్దార్ లాల్‌సింగ్ ఆ మెట్లెక్కడానికి కారణం అతని భార్య ద్వాలి కళ్లు. రెండిట్లోనూ శుక్లాలు ముదిరాయి. మేకను కుక్క అనుకుని తరిమింది, కుక్కకు మర్యాదగా కుడితి పెట్టింది. షుగరు కూడా ఉంది గనుక కంటి క్యాంపుల్లో చెయ్యలేమన్నారు, పెద్ద దవాఖానాకు పొమ్మన్నారు. పెద్ద దవాఖానాలో మాజీ సైనికుడి కార్డు గీకారు. యాప్ తెరుచుకుని, లాల్‌సింగ్ ముఖం మీద ఆకుపచ్చ వృత్తం ఒకటి గీసి, చాలా వినయంగా అడిగింది: 'దయచేసి ఎడమ చెంప మీది పుట్టుమచ్చను వృత్తంలో ఉంచండి.'

లాల్‌సింగ్ చెంప మీద పుట్టుమచ్చ లేదు. ఎప్పుడూ లేదు.

ఇది సైన్యం తప్పు కాదు. సైన్యం పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకుంది. ఆ సర్టిఫికెట్ రాసిన హెడ్మాస్టరు కూడా చెడ్డవాడేమీ కాదు. ఒక్క పూటలో క్లాసు మొత్తానికీ తలా ఒక పుట్టుమచ్చ వెతకాల్సిన బాధ్యత ఆయన మీద పడింది. తండా పిల్లలు వరసగా చొక్కాలెత్తి పొట్టలు చూపించారు. చిన్నప్పుడు కామెర్లొస్తే పెట్టించిన వాతలు, అందరికీ ఒకేచోట, ఒకే చేతివాటం. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇవి గుర్తులెట్లయితయ్‌రా? అందరికీ ఉన్నయ్ గద. రేపు ఉద్యోగానికి పోతే ప్రతిచోటా చొక్కా విప్పుతరా?" అన్నాడు. ఆ తర్వాత బెంచీల వారీగా మచ్చలు పంచాడు. మొదటి బెంచీకి కుడి చెంప, రెండో బెంచీకి ఎడమ చెంప, వెనక బెంచీ వాళ్లకు మెడ. లాల్‌సింగ్ రెండో బెంచీ.

ఆ మచ్చతోనే అతను సైన్యంలో చేరాడు. ఇరవై ఏళ్లకు పైగా మంచులోనూ ఇసకలోనూ సర్వీసు చేశాడు. ఈ కాలమంతా పై అధికారులు అతని బూట్లు చూశారు, తుపాకీ గొట్టం లోపల చూశారు, దుప్పటి మడత చూశారు. ముఖం చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

విభాగం సూపరింటెండెంటు షాలేమ్‌రాజు నిదానస్తుడు. ఎవరి పనైనా కాదని చెప్పేటప్పుడు ముందు టీ తెప్పిస్తాడు. ఆ రోజు లాల్‌సింగ్‌కు రెండు టీలు వచ్చాయి.

"సార్, మీకు మూడు దారులున్నయ్," అన్నాడు షాలేమ్‌రాజు. "మచ్చ పోయింది, మచ్చ తీయించిన, మచ్చ జరిగింది. ఏదంటే అది నొక్కుత."

"అసలు మొదటి నుంచే లేదు సాబ్."

"అది యాప్‌లో లేదు సార్."

"లేనిది లేదని ఎందుకు లేదు?"

షాలేమ్‌రాజు ఆ ప్రశ్నను గౌరవించాడు. కాసేపు ఫ్యాను వైపు చూసి, "మీరు మొదటి నుంచే మచ్చ లేని మనిషంటే, మచ్చ ఉన్న ఆ లాల్‌సింగ్ ఎవరు సార్? సర్వీసు చేసింది ఆయన. పెన్షన్ ఆయనది. మరి ఆయన ఇంట్ల మీరెందుకుంటున్నరని అడుగుతరు పైనోళ్లు. నేను అడగ," అన్నాడు.

లాల్‌సింగ్ 'మచ్చ పోయింది' దారి పట్టాడు. నిబంధనల ప్రకారం పోయిన వస్తువుకు పోలీసు కాగితం కావాలి. స్టేషన్‌లో బొజ్జయ్య అనే హెడ్‌కానిస్టేబుల్ మాజీ సైనికుడని కుర్చీ వేసి, పెన్ను తీశాడు.

"చివరిసారి ఎప్పుడు చూసుకున్నరు సార్?"

"చూసుకోలే."

"ఎవరి మీదన్న అనుమానముందా?"

"హెడ్మాస్టరు మీద. చచ్చిపోయిండు."

"అయితే ఎంక్వయిరీ కష్టం," అన్నాడు బొజ్జయ్య. ఆలోచించి, "దొరికితే గుర్తుపడ్తరా?" అని కూడా అడిగాడు. కాగితం ఇచ్చాడు గానీ, యాప్ తీసుకోలేదు. పోయిన మచ్చకు బదులు కొత్త మచ్చ మంజూరయ్యే దాకా పాత కార్డు చెల్లదని చెప్పింది. కొత్త మచ్చ ఎవరు మంజూరు చేస్తారో అందులో లేదు.

లాల్‌సింగ్‌లో ఒక వింత మార్పు మొదలైంది. గడ్డం గీసుకునేటప్పుడు ఎడమ చెంప దగ్గర బ్లేడు దానంతటదే పక్కకు తప్పుకుని పోయేది. అక్కడ సన్నగా దురద. అద్దంలో చూస్తే ఏమీ ఉండేది కాదు, ఏమీ లేకపోవడం మాత్రం కొట్టొచ్చినట్టు కనిపించేది. ఇంతకాలం తాను మరెవరి బదులో సెల్యూట్లు కొట్టాడా, తన ఉత్తరాలు ఎవరికి పోయాయి, మంచులో వేళ్లు కొంకర్లు పోయిన రాత్రి వణికింది ఎవరు అని ఆలోచించేవాడు. మచ్చ ఉన్న ఆ లాల్‌సింగ్ మీద అతనికి కొంచెం అసూయ కూడా కలిగింది. ఆయన కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి.

ఒకరోజు ద్వాలి గోడకు కొట్టుకుని నుదురు బొప్పి కట్టించుకుంది. "తలుపు ఇటు జరిపినవా?" అని అడిగింది. (లంబాడీలో అడిగింది. తెలుగులో వదిలేసిన తిట్టు ఒకటి ఉంది.) ఆ సాయంత్రమే లాల్‌సింగ్ పచ్చబొట్లు పొడిచే రూప్లి ఇంటికి పోయాడు. దస్త్రాన్ని ముఖానికి సరిచేయడం కన్నా ముఖాన్ని దస్త్రానికి సరిచేయడం సులువని, ఆలస్యంగానైనా, అతనికి అర్థమైంది.

రూప్లి ఆడవాళ్ల చేతులకూ గడ్డాలకూ పొడిచింది గానీ, మగవాడి చెంపకు ఎన్నడూ పొడవలేదు.

"ఏం బావా, ఈ వయసుల ఎవరిమీద మనసైంది?"

"సర్కారు మీద."

"అది ఎవరి మొకమూ చూడదు గద."

"ఇప్పుడు చూస్తుంది. వృత్తం గీసి మరీ చూస్తుంది. జల్దీ కానియ్."

సూదులు దిగుతుంటే లాల్‌సింగ్ కదల్లేదు. అంతా అయ్యాక అద్దం చూసుకుని, "పచ్చగుందేందే? రికార్డుల నల్ల మచ్చ," అన్నాడు.

"ముసలైతే వెంట్రుకలు తెల్లబడ్తలేవా? మచ్చలు పచ్చబడ్తయ్ అని చెప్పు," అంది రూప్లి. ద్వాలితో చెప్పనని మాటిచ్చింది. ద్వాలికి కళ్లు కనపడవు, తడిమినా పచ్చబొట్టు చేతికి తగలదు.

మరుసటి వారం యాప్ వృత్తం గీసింది, మచ్చను చూసింది, పచ్చ టిక్కు పెట్టింది. 'మీరు మీరేనని నిర్ధారించడమైనది. సహకారానికి ధన్యవాదాలు.' షాలేమ్‌రాజు ఇంకా తగ్గని ఆ వాపు వైపు ఒకసారి చూశాడు, ఆ తర్వాత కిటికీ వైపు చూశాడు. (సర్వీసులో అనుభవం అంటే ఇదే.) "చూసిన్రా సార్, ఓపిక పడితే మచ్చ అదే వచ్చింది," అన్నాడు. టీ తెప్పించలేదు.

ముందు ఒక కన్నుకు చేశారు. రెండోది నెల తర్వాత, కార్డు మీదే. కట్టు విప్పిన రోజు కార్డుల కౌంటరు నుంచి పద్మప్రియ అనే అమ్మాయి ట్యాబు పట్టుకుని వచ్చింది. లబ్ధిదారుతో కార్డుదారును గుర్తుపట్టించాలట. పాతికేళ్లుంటాయి, పని మీద శ్రద్ధ.

"అమ్మా, ఈయన మీ ఆయనేనా?"

"అవ్."

"మొకంల ఏమన్న తేడా ఉందా? మంచిగ చూసి చెప్పాలె."

ద్వాలి చూసింది. మంచిగానే చూసింది. నుదుటి నుంచి గడ్డం దాకా, ఒక్కో ముడతా విప్పినట్టు నెమ్మదిగా. ఫిరంగుల మధ్య నిలబడ్డ మనిషి ఈ చూపుకు భయపడ్డాడు. కానీ ఆ భయం కింద, అతనికే అర్థంకాని ఒక సుఖం ఉంది. తన ముఖాన్ని ఇంతసేపు ఎవరైనా చూసి ఎన్నేళ్లయింది?

"ముసలోడైండు," అంది ద్వాలి.

"అది గాక?"

"ఈ చెంప మీద పచ్చబొట్టు ఎక్కడిది? మా ఆయనకు మచ్చ లేదు. పెండ్లినాటి నుంచి చూస్తున్న మొకం, నాకు తెల్వదా?"

పద్మప్రియ వేళ్లు ట్యాబు మీద కదిలాయి.

"ఆమెకు సరిగ్గ కనపడదు మేడం," అన్నాడు లాల్‌సింగ్, జీవితంలో మొదటిసారి యుద్ధరంగం నుంచి వెనక్కి తగ్గుతూ.

"ఎందుకు కనపడదు?" అంది ద్వాలి. "నీ ముక్కుల వెంట్రుకలు గూడ కనపడ్తున్నయ్."

పద్మప్రియ జాలిగా అతని వైపు ట్యాబు తిప్పింది. అందులో తీర్పు అప్పటికే వచ్చి ఉంది: 'ఆపరేషన్ విజయవంతమై లబ్ధిదారుకు చూపు పూర్తిగా వచ్చినట్లు వైద్యులు ధ్రువీకరించినందున కార్డుదారుకు మచ్చ లేదన్న ఆమె సాక్ష్యం స్వీకరించడమైనది. కావున రెండో కన్ను ఆపరేషన్ నిలిపివేయడమైనది.'