జమ్మలమడుగుకు రెక్కల గుర్రాలే దిక్కు

పోయిన నెల రెండో ఆదివారం జమ్మలమడుగులో ఒక రెక్కల గుర్రం తప్పిపోయింది. పోలీసు కంప్లయింటు ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఎత్తూ రంగూ రాసుకున్న రైటరు, రెక్కల దగ్గరికి వచ్చేసరికి పెన్ను కింద పెట్టేవాడు!

ఆదివారం పూట పాచికలు పట్టుకుని, లేని గుర్రాలెక్కి, లేని రాక్షసులతో పోరాడే పెద్దవాళ్లను చూసి మీరు నవ్వుతారు. నేను మాత్రం ఇంటికో రెక్కల గుర్రం ఉండాలంటాను. పులివెందుల బస్సు కోసం గంటసేపు నిలబడ్డవాడు ఎవడైనా కాదంటాడా? దానికి పెట్రోలు వద్దు. దారిలో రైల్వే గేటు పడదు. ప్రొద్దుటూరులో పార్కింగు వెతకనక్కర్లేదు, నేరుగా మేడ మీద దిగొచ్చు!

ఈ జాతిని మా ఊరికి తెచ్చినవాడు నయీం. కువైట్‌లో ఏసీ మెకానిక్కుగా ఉన్నప్పుడు, గదిలోని ఫిలిప్పీన్సు వాళ్ల దగ్గర ఈ ఆట నేర్చాడు. కథ చెప్పేదీ, తీర్పులిచ్చేదీ అతనే. ఆడేది ముగ్గురు: హైస్కూల్లో సోషల్ చెప్పే నతానియేలు మాస్టారు, ఆయన భార్య నిర్మల, లెక్కల టీచరు ఖమ్రున్నీసా. పక్కన కూర్చుని చూసేది నేను. గుర్రం నిర్మలది. పేరు జాజి. అది పచ్చగడ్డి తింటుందని ఆట పుస్తకంలో ఉంటే నిర్మల ఒప్పుకోలేదు, ఉలవలు నానబెట్టించింది. ఖమ్రున్నీసా దిష్టి తగలకుండా రెండు రెక్కలకూ రెండు తాయెత్తులు కట్టించింది. అన్నీ కాగితం మీద, పెన్సిలుతోనే.

మార్చిలో నిర్మల చనిపోయింది. చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. భర్త లేచి ఆమె గురించి నాలుగు మాటలు చెప్పడం ఆనవాయితీ. మాస్టారు లేచారు, వచ్చినవాళ్లకు వందనాలు చెప్పి కూర్చున్నారు. ఎంత నిబ్బరం అని మెచ్చుకున్నాం. సంవత్సర కూడికలో చెబుతారులే అనుకున్నాం.

ఆరు నెలలకు ఆయన మళ్లీ ఆటకు వచ్చి జాజిని ఎక్కబోయారు. పాచిక మీద రెండే పడింది, చాలలేదు. గుర్రం కొత్త రౌతును ఒప్పుకోక, గండికోట లోయ మీదుగా ఎగిరిపోయిందని నయీం తీర్పు చెప్పాడు.

ఇక చూడండి దాని మహిమ! భార్య పోయిన వారానికే బడికొచ్చి సిలబస్ పూర్తి చేసిన మనిషి, గుర్రం పోయిందని రెండు రోజులు సెలవు పెట్టారు. ఖమ్రున్నీసా బగారా అన్నం వండి తెచ్చింది. పక్కింటి యేసమ్మ ఏదో పశువు పోయిందనుకుని, పూటకు ఎన్ని లీటర్లు ఇస్తాండెనో అడిగి కళ్లు తుడుచుకుంది.

మరుసటి ఆదివారం నయీం కొత్త నియమం పెట్టాడు. గుణాలు చెప్పి పిలిస్తేనే జాజి తిరిగొస్తుంది.

మాస్టారు మొదలుపెట్టారు. దానికి కోపమొస్తే అది మాట్లాడదు, వంటింట్లో గిన్నెలు మాట్లాడతాయి అన్నారు. మైలవరంలో చేపలు కొనాలంటే మొప్పలెత్తి చూడందే నమ్మదన్నారు. కీర్తనలో రెండో చరణం ఎప్పుడూ తప్పే పాడుతుంది, దిద్దితే ఇంకా గట్టిగా పాడుతుందన్నారు. టీలో చక్కెర తగ్గితే ఏమీ అనదు, కప్పు నా ముందుకు తోస్తుందన్నారు. పావుగంట అయినా ఆగలేదు.

"సార్," అంది ఖమ్రున్నీసా మెల్లగా, "గుర్రం టీ తాగుతాదా?"

"నువ్వు ఊరుకోక్కా," అన్నాడు నయీం. "అది శానా దూరం పోయిండాది. సార్ ఇంకా పిలవల్ల."

జాజి వచ్చింది. పాచిక వేయకుండానే వచ్చింది. ఆట నియమాలకు అది పూర్తిగా విరుద్ధం. లెక్కల టీచరు కూడా అడగలేదు.

అందుకే రెక్కల గుర్రాలు కావాలంటున్నాను. మన ఊళ్లో మగవాడు, అందులోనూ అయ్యవారు, పెండ్లాం కోసం ఏడిస్తే ఏమంటాం? పదిమందికి చెప్పేవాడివి, నువ్వే ఇట్లయితే ఎట్ల అంటాం. మార్చిలో సమాధి దగ్గర ఆయనతో ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. గుర్రం కోసమైతే ఎంతసేపైనా వింటాం!

నిర్మల పేరు పెట్టి మాస్టారు ఇంకా ఒక్క మాటా చెప్పలేదు. మేమూ అడగలేదు.