పంటి సిమెంటు పేర బియ్యం కార్డు

రేషన్ మిషను రెండుసార్లు చూసి, ఎదురుగా నిల్చున్నది దాలెమ్మ కాదనీ, ఆమె ముందు పంటిలో ఉన్న సిమెంటు మాత్రం దాలెమ్మేననీ తేల్చింది. డీలరు తవిటినాయుడు ఆశ్చర్యపోలేదు. ఆ వారంలో అలాంటివి అప్పటికే నాలుగు వచ్చాయి.

అది జీడి ఫ్యాక్టరీల ఊరు. పిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లను జీడి నూనె కాల్చేస్తుంది, వేలిముద్రలు మిషనుకు ఆనవు. వాళ్లను తిప్పీ తిప్పీ తానే విసిగిన సరఫరాల శాఖ కిందటేడు అందరి పళ్ల రంగూ కొలిచి కార్డుల్లో ఎక్కించింది. బానే ఉంది. ఆర్నెల్లు తిరక్కుండానే ఆరోగ్య శాఖవారు తెల్లపళ్ల వారోత్సవం పెట్టి, అదే ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టి, పళ్లకు మందు పూసి తెల్లబరిచారు. ఒక శాఖ చేసేది ఇంకో శాఖను అడిగి చెయ్యాలని రూలేం లేదు కదా! ఆ మందుకు పన్ను తెల్లబడుతుంది గాని, సిమెంటు తెల్లబడదు. పదేళ్ల కిందట దాలెమ్మ పంటి రంగు చూసి, దానికి కలిసేలా పుచ్చులో పెట్టిన సిమెంటు అదే రంగులో, నిజాయితీగా, అక్కడే ఉండిపోయింది.

"మరి నానెవుల్ని బాబూ?" అంది దాలెమ్మ.

"అది మిషను అడగదప్పా. నోరు బాగా తెరు, సిమెంటు కనబడాల" అన్నాడు తవిటినాయుడు. అయిదు కిలోలూ సిమెంటు పేర తూచి ఇచ్చాడు.

చిక్కు మర్నాడు వచ్చింది. సిమెంటు బియ్యం సిమెంటే తినాలి, వేరేవాళ్లు తింటే నేరం అన్నాడు తనిఖీ అధికారి పద్మలోచనరావు. ఇంటికొచ్చి, పీట వేసుకు కూర్చుని, దాలెమ్మ తింటుంటే చూశాడు. మెతుకులన్నీ సిమెంటు పక్కనుంచే లోపలికి పోతున్నాయని రాసుకుని, అభ్యంతరం లేదన్నాడు. మనిషి మంచివాడే. చారు బాగుందని మెచ్చుకున్నాడు కూడా.

పళ్లు తెల్లబరిచిన పదిహేనో రోజున వారోత్సవం డాక్టరమ్మ కబురు పెట్టింది. "మందు పూశాక రెండు వారాలు ఆగాలి, అందుకే ఇప్పుడు పిలిచాను. పాత సిమెంటు మచ్చలా కనిపిస్తోంది. అంచు కూడా కాస్త వదులైంది. తీసేసి తెల్ల పళ్లకు కలిసేది పెడతాను, ఊరికే."

దాలెమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడు లేడు, కార్డులో ఇంకో పేరు లేదు. ఆ అయిదు కిలోలూ పోతే నెలలో పది రోజులు పస్తే.

"బాబోయ్, వొద్దు డాట్రమ్మా! ఇంటిపెద్దని పీకేత్తే నా గతేటి?"

అక్కణ్నుంచి తిన్నగా పద్మలోచనరావు దగ్గరికి పరుగెత్తింది. సిమెంటు వదులైంది బాబూ, రేపో మాపో ఊడితే నానుండను అని ఏడ్చింది. ఆయన ఫైలు తిప్పి చూసి, సిమెంటు ఊడినా కార్డు చెల్లుతుందన్నాడు. డబ్బీలో పెట్టి తెచ్చి మిషనుకు చూపిస్తే చాలట. అయితే దాన్ని మోసుకొచ్చే మనిషికి కూడా ఏదో ఒక హోదా ఉండాలి. అప్పటికప్పుడే రాసేశాడు.

ఒకటో తారీఖున తవిటినాయుడు కొత్త కార్డు చదివి వినిపించాడు. కుటుంబ పెద్ద: సిమెంటు. సభ్యురాలు: దాలెమ్మ. పెద్దతో సంబంధం: నోరు.

"ఇంకెప్పుడూ నన్ను తిప్పరు గదా బాబూ?"

"ఎందుకు తిప్పుతాం? ఇప్పుడు నువ్వూ ఒకరి మనిసివే గదప్పా."

ఆ మాటకు దాలెమ్మ మనసు నిండిపోయింది. బియ్యం సంచీ నెత్తిన పెట్టుకుని, పదిమందికీ చెప్పుకుంటూ ఇంటికి నడిచింది. ఉత్త మనిషిగా ఉన్నన్నాళ్లూ ఆ ఊళ్లో ఏ కౌంటరు దగ్గరా ఆమె పని ఒక్కసారికి జరగలేదు.