అరువు ఈగ

ఆ ఆదివారం కూజామొక్కల సంఘం అధ్యక్షురాలు ఇల్లు చూడడానికి వస్తానన్నారు. బీమా ఆఫీసు గుమాస్తా పొద్దున్నే లేచి బాల్కనీ కడిగి, తన మొక్క ఎదురుగా ఆవిడకు కుర్చీ వేశాడు. ఆకుల కొసల నుంచి కూజాలు వేలాడదీసుకుని, వాటిలోని రసంలో పడ్డ పురుగులను అరిగించుకునే మొక్క అది. సంఘంలో చేరితే అరుదైన రకాల పిలకలు ఇస్తారు. కానీ ఆ ఇంట్లో వాళ్ల చేతుల్లో మొక్క బతుకుతుందని నమ్మకం కుదిరితేనే చేర్చుకుంటారు. అతన్ని ఇదివరకే రెండుసార్లు కాదన్నారు. ఈసారీ కాదంటే ఇక ఆశ వదులుకోవలసిందే.

అతను గడ్డం గీసుకోవడానికి వెళ్లగానే మామగారు బాల్కనీలోకి వచ్చారు. రిటైరయ్యేదాకా ఆయన దోమల నివారణ శాఖలో పనిచేశారు. నిలవనీళ్లు కంటబడితే చేతులు ఊరుకోవు. కూజాలన్నీ వంచి ఖాళీ చేసి, లోపల గుడ్డపెట్టి తుడిచారు కూడా.

"ఎంత పని చేశావు నాన్నా! అది దాని కడుపులో రసం!" కూతురు నెత్తి బాదుకుంది.

"దోమలు గుడ్లు పెడతాయనే..."

"అందులో పడ్డ దోమ మళ్లీ లేవదు!"

మామగారి మొహం వాడిపోయింది. "అంటే ఇది మన డిపార్టుమెంటేనా?"

కూతురు కంగారులో కుళాయి నీళ్లు పోసింది. అవి ఈ మొక్కకు పడవని గుర్తొచ్చి, పారబోసి, పట్టి ఉంచిన వాననీళ్లు నింపింది. కానీ లోపల ఒక్క పురుగూ లేదు. మొక్కను పస్తు పెడుతున్నారని అధ్యక్షురాలు అనుకుంటే? ఈగ కోసం ఇల్లంతా వెతికారు. మామగారు కాపురమున్న ఇంట్లో ఈగ ఎక్కడిది? చేసేది లేక ఆయనే గాజుగ్లాసు పట్టుకుని పక్కింటి తలుపు తట్టారు.

"అమ్మా, ఒక్క ఈగ ఉంటే ఇస్తావా?"

"పంచదార అడగండి, ఇస్తాను. ఈగనడుగుతారా బాబాయిగారూ? మా ఇల్లంటే అంత లోకువా?" అంటూ పక్కింటావిడ ఆయన వెనకాలే వచ్చేసింది. ఆవిడ వెనకాల ఒక ఈగ వచ్చింది. దాని వెనకాల అధ్యక్షురాలు వచ్చారు.

గుమాస్తా సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చాడు. "కొట్టకండి! అది బతికుండాలి!" అని అరుస్తూ మామగారు గ్లాసుతో ఈగ వెంట పడ్డారు. "అది మా ఇంటిది కాదు," అంది పక్కింటావిడ. గుమాస్తాకు ఏడుపొక్కటే తక్కువ.

"తప్పు నాదమ్మా. కూజాలు వంచేసింది నేనే. మా అమ్మాయి మళ్లీ వాననీళ్లు పోసింది. మా అల్లుడికి ఏ పాపం తెలియదు," అన్నారు మామగారు ఆయాసపడుతూ.

అధ్యక్షురాలు కూజాల్లోకి తొంగిచూశారు. "వాననీళ్లేగా, ఏం ఫర్వాలేదు. రసం మళ్లీ ఊరుతుంది. చాలా ఇళ్లలో ఈ మొక్కను ఎప్పుడు అవతల పారేద్దామా అని చూస్తారండీ. దీనికోసం పక్కింటికి వెళ్లి తిట్లు తిన్న మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. ఇంతకీ పగలంతా దీని దగ్గరుండేది ఎవరు?"

అందరూ మామగారి వైపు చూశారు. ఆవిడ అక్కడికక్కడే ఆయన్ని సంఘంలో చేర్చుకున్నారు. గుమాస్తా ఆనందం పట్టలేక మామగారిని కౌగలించుకున్నాడు, నురగంతా ఆయన చొక్కాకు అంటింది.

సమావేశాలకు అల్లుడు కూడా రావచ్చునట, సభ్యుడు వెంటబెట్టుకొస్తే.