ఒక్క ఫిర్యాదూ లేదు

ఆ రోజు పొద్దున అతను పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగాలి, కంప్యూటర్ ముందు కూర్చుని సమావేశంలో పాల్గొనాలి, పాత యంత్రాలకు మంగళం పాడాలి, మధ్యాహ్నం హాయిగా ఓ కునుకు తీయాలి.

అతనూ, ఎక్కడెక్కడో ఉన్న మరికొందరూ కలిసి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను జీతం భత్యం లేకుండా నడిపిస్తున్నారు. అక్కర్లేని కోడ్ కనిపిస్తే చాలు కోసిపారేస్తాడని తోటివాళ్లు అతనికి కత్తెర అని పేరు పెట్టారు. ఈసారి కత్తెర కన్ను పాతబడిన కంప్యూటర్ల మీద పడింది. "ఈ డొక్కుల్ని ఇంకా ఎవరు వాడుతున్నారండీ? వాటికోసం మనమెందుకు చావాలి?" అన్నది అతని వాదన.

ఆ సంగతి తేల్చే ఉపాయమూ అతనే చెప్పాడు. పాత యంత్రాలకు మద్దతు తీసేసిన కొత్త వెర్షన్‌ను ముందు రోజు సాయంత్రం ప్రయోగంగా వదిలాడు. సమావేశం ముగిసేలోగా ఫిర్యాదు రాకపోతే వాటిని వాడేవాళ్లు లేనట్టే. ఎవరైనా అభ్యంతరం చెబితే, ఇకపై ఆ చాకిరీ అంతా వాళ్లే నెత్తిన వేసుకోవాలన్న నియమం కూడా అతను పెట్టిందే. అందరూ భేష్ అన్నారు.

సమావేశం మొదలవుతుండగా భార్య గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ వెనక గదిలో ఎంబ్రాయిడరీ మెషిన్ మీద పనిచేస్తుంది. ఏ కుట్టు ఎక్కడ పడాలో ఆ మెషిన్‌కు చెప్పేది పక్కనున్న పాత కంప్యూటర్.

"ఏమండీ, కంప్యూటర్ ఆన్ కావట్లేదు. నెమలికి ఇంకా తోక కుట్టాలి."

"మీటింగ్‌లో ఉన్నాను. వైరు ఊడిందేమో చూడు."

ఆ నెమలి నాటకశాల కొత్త తెర మీదిది. నాటకశాల కట్టించింది ఆవిడ తండ్రి. ఆయన చూపు రోజురోజుకీ మసకబారుతోంది. ఈ సాయంత్రం ఆ తెరను కళ్లారా చూడాలని ఆయన ఆశ. ఇంకొన్నాళ్లు ఆగితే తెర ఉంటుంది కానీ చూపు ఉండదు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు.

వైరు ఊడలేదు. పక్కింటి పళ్ల డాక్టరమ్మ కంప్యూటర్ అడుగుదామని వెళితే అదీ నల్లమొహం వేసుకుని ఉంది. ఎదురుగా ఉన్న లైబ్రరీలోనూ అదే వరస. ముగ్గురివీ ఒకేసారి పోయాయంటే తప్పు కరెంటుదేనని తేల్చుకుని ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారు. అతను వస్తూనే వీళ్లింటి మెయిన్ స్విచ్ తీసేశాడు.

"ఒక్క ఫిర్యాదూ రాలేదని మనవి చేస్తున్నాను," అంటుండగా కత్తెర ఇంట్లో ఇంటర్నెట్ పోయింది. సెల్‌ఫోన్‌లో మళ్లీ సమావేశంలోకి దూరి, కరెంటు తీసిందెవరో కడిగేద్దామని ముందు గదిలోకి వచ్చాడు. అక్కడ డాక్టరమ్మ, లైబ్రేరియన్ తమ కంప్యూటర్లను చంటిపిల్లల్లా ఎత్తుకుని నిలబడి ఉన్నారు.

"మీరు పెట్టిచ్చిందే కదండీ! నిన్నటిదాకా బంగారంలా పనిచేసింది," అన్నాడు లైబ్రేరియన్.

కత్తెరకు అప్పుడు వెలిగింది. ఒకప్పుడు ఉత్సాహం ఉరకలేస్తున్న రోజుల్లో, భార్యకూ, అడిగినవాళ్లకల్లా ఈ సిస్టమ్ అతనే ఉచితంగా పెట్టిచ్చాడు. లోపాలుంటే త్వరగా తెలుస్తాయని, ప్రయోగ వెర్షన్లు ముందుగా వాటికే చేరేలా ఏర్పాటూ చేశాడు.

"ఏదైనా చెడితే ఇందులోంచే వెంటనే ఫిర్యాదు పెట్టమన్నాను కదా?" అన్నాడు నీరసంగా.

"దేంతో పెట్టమంటారు?" అని అడిగింది డాక్టరమ్మ.

అతను భార్య వైపు చూశాడు. ఆవిడ తెర అంచు ఒళ్లో వేసుకుని, తోకను చేత్తో కుడితే సాయంత్రానికి అవుతుందా అని సూదిలో దారం ఎక్కిస్తోంది. అవదని ఆవిడకూ తెలుసు. అతనికి సిగ్గేసింది.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని ఫోన్‌లో సమావేశం అధ్యక్షురాలి గొంతు.

"నాకుంది."

"ఇది మీ ప్రతిపాదనే కదండీ?"

"అవునండీ. నియమం కూడా నాదే. రాసుకోండి."

మెయిన్ మళ్లీ వేయించి, పాత వెర్షన్ ఉన్న డిస్కులు అటక మీంచి దించి దులిపి, ముందు భార్య కంప్యూటర్‌కు ప్రాణం పోశాడు. జనం కుర్చీల్లో సర్దుకుంటుండగా తెర నాటకశాల చేరింది.

మామగారు ముందు వరసలో కూర్చుని చాలాసేపు కళ్లు చికిలించి చూశారు. కూతురు ఆయన పక్కనే నిలుచుంది.

"తోకలో ఆ చివరి కన్ను కాస్త వంకర పోయిందేమిటమ్మా?" అన్నారు.

తన కుట్టుకు వంక పెడితే ఎవరినీ వదలని మనిషి, తండ్రి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. "అవును నాన్నా, వంకరే," అంది నవ్వుతూ.

పాత యంత్రాల చాకిరీ ఇప్పుడు కత్తెరదే. ఆ తర్వాత ఒక్క ఫిర్యాదూ రాలేదు. అందుకే రోజూ పొద్దున్నే వెళ్లి అందరి తలుపులూ తట్టి వస్తున్నాడు.