తీగ లేని ఫోను, సిగ్గు లేని జనం

తీగ లేని ఫోను మాట్లాడుకోవడానికి చేసింది కాదు, పోగొట్టుకోవడానికి చేసింది. తీగ ఉన్న ఫోను కట్టేసిన గొడ్డు లాంటిది. చీకట్లో తడుముకున్నా అక్కడే ఉంటుంది. దాని తాడు తెంపి ఇంటి మీదికి తోలినవాడికి పెద్దవాళ్ళంటే ఏదో పాత కక్ష ఉండి ఉండాలి. ఇందులో వాదన అనవసరం. గడియారాల మేస్త్రీ ఇంట్లో జరిగింది వింటే చాలు.

భార్య పోయాక మేస్త్రీకి ముందుగదే దుకాణం, అదే పడకగది. గోడల నిండా ఊళ్ళోవాళ్ళ గడియారాలు. ఎవరి గడియారం వాళ్ళకి ఎప్పటికి కావాలో ఆయనకి తెలుసు. ఎప్పటికి అవుతుందో మాత్రం ఈ మధ్య చెప్పలేకపోతున్నాడు. కుడికంటికి శుక్లం కమ్మింది. భూతద్దం బిగించి చూసే కన్ను అదే. ఎడమకన్ను ఎదుటివాణ్ణి ఉరిమి చూడ్డానికి పనికొస్తుంది గాని పళ్ళచక్రాలు చూడ్డానికి పనికిరాదు. కంటి ఆసుపత్రిలో ఆయన వంతు ఇప్పటికే రెండుసార్లు వెనక్కిపోయింది. ఈసారి ఫోను చేసి తేదీ చెబుతామన్నారు. ఎత్తకపోతే తర్వాతివాళ్ళని పిలుస్తామని కూడా అన్నారు.

కాబట్టి ఆ ఉదయం ఆయన చేయాల్సిన పని ఒక్కటే. ఫోను మోగితే ఎత్తడం.

"మావయ్యా, ఆసుపత్రివాళ్ళు ఇవాళ ఫోను చేస్తారు. మాట్లాడాక ఫోను తెచ్చి స్టాండులోనే పెట్టండి. ఎక్కడపడితే అక్కడ వదిలేయకండి," అంది కోడలు చెప్పులు వేసుకుంటూ. ఆమె బడిలో లెక్కలు చెబుతుంది. పాత నల్ల ఫోనుని టెలిఫోన్‌వాళ్ళు పట్టుకుపోయారని కొడుకు చెప్పాక, ఈ ఫోను కొని తెచ్చింది కూడా ఆమే.

"నేనేమన్నా పసిపిల్లాడినా?"

"పసిపిల్లలకైతే ఒకసారి చెబితే చాలు. మీరు ఎత్తకపోయినా కంగారు లేదు, ఈ స్టాండే మాట్లాడుతుంది. నా గొంతు లోపల పెట్టాను. అవతలివాళ్ళు చెప్పేది మీకు బయటికి వినపడుతుంది కూడా."

"నా బదులు అదెందుకు మాట్లాడాలి?"

"మీకంటే మర్యాదగా మాట్లాడుతుంది కాబట్టి," అని ఆమె వెళ్ళిపోయింది. కొడుకు అంతకుముందే ఆఫీసుకి పోయాడు. ఆఫీసరు కంటే ముందు వెళ్ళి, ఆఫీసరు తర్వాత వచ్చే రకం.

మేస్త్రీ ముందు ఆ రోజు నిలువెత్తు గడియారం ఒకటుంది. చెక్క తలుపు, లోపల లోలకం, తలుపుకి తాళం. దాన్ని శుభ్రం చేసి బిగిస్తుండగా ఫోను మోగింది. ఎవరో బట్టల కొట్టు కావాలన్నాడు. బట్టల కొట్టుకీ గడియారాలకీ ఉన్న తేడా మేస్త్రీ అతనికి వివరంగా చెప్పి, ఫోను పెట్టేశాడు. ఎక్కడ పెట్టాడన్నది తర్వాతి సంగతి. ఇంతలో పక్కవాటా గుమాస్తా చంకలో సంచితో స్క్రూడ్రైవరు అడగడానికి వచ్చి, అడిగింది తీసుకుని, అడగని కబుర్లు నాలుగు చెప్పి పోయాడు. మేస్త్రీ లోలకాన్ని ఊపి, తలుపు మూసి, తాళం వేశాడు. గడియారం చక్కగా నడిచింది. కాసేపటికి ఆగిపోయింది.

మేస్త్రీ దాని వంక చాలాసేపు చూశాడు. ఆయన చేతి నుంచి వెళ్ళిన గడియారం ఆగడం అనేది ఇంతవరకు లేదు. కన్ను చేసిన మోసమే ఇది, ఎక్కడో ఏ పన్నో సరిగా కూర్చోలేదు అనుకున్నాడు. ఆ కన్ను బాగుపడకపోతే ఈ గదిలో గడియారాలన్నీ ఒక్కొక్కటే ఎవరివి వాళ్ళు పట్టుకుపోతారు. ఆ తర్వాత ఆ గోడలు చూస్తూ కూర్చోవడమే. తలుపు మళ్ళీ తీద్దామని తాళంచెవి అందుకోబోతుండగా ఫోను మోగింది.

స్టాండు ఖాళీగా ఉంది.

బల్ల మీద లేదు, పక్క మీద లేదు, జేబులో లేదు. స్టాండు కోడలి గొంతుతో ఎంతో మర్యాదగా ఏదో చెప్పింది. అవతలివాళ్ళు ఏమీ మాట్లాడకుండానే పెట్టేశారు. ఆసుపత్రివాళ్ళే అయితే?

తను పెట్టిన వస్తువు తనకి కనపడకపోతే, ఎవరో ఎత్తుకెళ్ళారని అనుకోవడం ఆ వయసులో మామూలే. మామూలు కానిది ఆ తర్వాత ఆయన చేసిన పని. కుర్రతనంలో మేస్త్రీ ఒక మిల్లులో గడియారాలు చూసేవాడు. అక్కడ మేనేజరు గదిలో తల్లి గడియారం ఒకటి ఉండేది. దాని నుంచి తీగల మీద అన్ని గదుల్లోని పిల్ల గడియారాలకీ సంకేతం పోయేది. తల్లి ఎంత చెబితే పిల్లలు అంత. ఫోను స్టాండు కూడా తల్లే అయి ఉండాలి. తీగ లేదు గాని సంబంధం అదే. ఇక్కడ మాట్లాడితే పిల్ల ఎక్కడుంటే అక్కడ, ఎవరి సంచిలో ఉంటే ఆ సంచిలో వినపడి తీరాలి. గుమాస్తా సంచి ఆయన మనసులో మెదిలింది.

ఎర్రగా వెలిగే మీట నొక్కిపట్టి, మేస్త్రీ స్టాండు మీదికి వంగి చెప్పాడు:

"నువ్వెవరో నాకు తెలుసు. నువ్వు పట్టుకుపోయింది నాదని నీకూ తెలుసు. కళ్ళు సరిగా కనపడనివాడు, వీడికేం తెలుస్తుందిలే అనుకున్నావు. ఇవాళే తెచ్చి ఇక్కడ పెట్టు. లేదా నలుగురిలో నీ పేరు పెట్టి అడుగుతాను. సిగ్గుండాలి."

స్టాండు కీచుమంది. ఒప్పుకుందని ఆయన అర్థం చేసుకున్నాడు. అది చేసిన పని వేరు. కోడలి మర్యాదంతా తుడిచేసి, ఆ స్థానంలో ఈ తిట్లు పెట్టుకుంది. ఇక ఎవరు ఫోను చేసినా వాళ్ళకి ముందు వినపడేది అదే.

మొదట చేసింది మేస్త్రీ అక్క, ఆసుపత్రి సంగతి అడుగుదామని. మోతతో గది నిండిపోయింది, ఆ తర్వాత స్టాండులోంచి మేస్త్రీ గొంతు గంభీరంగా హెచ్చరించింది. చెప్పిన మాట మళ్ళీ చెబుతోందే, పట్టుదల ఉన్న యంత్రం అని ఆయన సంతోషించాడు. ఆ తర్వాత అక్క గొంతు వచ్చింది.

"ఒరేయ్, అంత మాటెందుకురా? నేనేమన్నా దొంగతనం చేశానా? మరదలి కుట్టుమిషను నాకు పనికొస్తుందని తెచ్చుకున్నాను. నీకు కుట్టడం రాదుగా."

మేస్త్రీ కుట్టుమిషను ఏదని అప్పట్లో అడిగితే, "మీ ఆవిడ పోకముందే ఎవరికో ఇచ్చేసిందట," అని చెప్పింది ఈ అక్కే. తనకో మాట చెప్పకుండా ఇచ్చేసి పోయిందని ఆ పోయిన మనిషి మీద ఇన్నాళ్ళూ అలిగి కూర్చున్నాడు. గోడ మీది ఆమె ఫోటో వంక సరిగా చూడను కూడా లేదు.

"అక్కా," అన్నాడు స్టాండుతో.

"మాట్లాడవేం? ఓహో, అంత కోపమా. సరే, తెస్తున్నాను. నలుగురిలో అడక్కు."

"అక్కా, నేను నిన్ను కాదు..." అని ఆయన అరిచాడు. వినడానికి అవతల ఎవరూ లేరు. స్టాండుకి చెవులుండవు, నోరొక్కటే. ఆ లెక్కన దాన్ని మనుషుల్లోనే కలపాలి.

తర్వాత చేసింది గుమాస్తా. స్క్రూడ్రైవరు సాయంత్రం ఇస్తానని చెప్పడానికి చేసి, ముందు మేస్త్రీ మాట విని, గొంతు తగ్గించాడు.

"మేస్త్రీగారూ, నేను మీ పేపరు తీసుకుపోలేదండీ. చదివి మళ్ళీ గుమ్మంలో పెట్టేస్తున్నాను. ఆ పదకేళి ఒక్కటే కత్తిరించుకుంటున్నాను. మీకెలాగూ కనపడదు కదా అని."

మేస్త్రీ బల్ల మీది పేపరు తీసి వెలుతురుకి పట్టాడు. మధ్యలో కిటికీలా చదరపు చిల్లు. రోజూ పేపరు నడుమ కనపడే ఆ ఖాళీని ఆయన శుక్లం అనుకున్నాడు. అలాగని డాక్టరుకి కూడా చెప్పాడు. డాక్టరు దాన్ని శ్రద్ధగా రాసుకున్నాడు.

మూడోసారి మోగినప్పుడు స్టాండు తన పని కానిచ్చాక ఒక ఆడగొంతు, "అయ్యో," అంది. వెనక ఎవరితోనో, "సార్, ఆయనకి తెలిసిపోయింది," అంది. ఫోను కట్టయింది. ఎవరో, ఏం తెలిసిందో మేస్త్రీకి బోధపడలేదు. అప్పటికి ఆయన కుర్చీలో కూలబడి ఉన్నాడు. ఆసుపత్రి నుంచి ఫోను రాలేదు, వచ్చినా ఎత్తే దారి లేదు, గడియారం నడవడం లేదు.

కొడుకు కూడా చేశాడు. ఒక్కగానొక్క కొడుకు కాబట్టి తండ్రి గొంతులో కోపం ఎంతుందో తేలిగ్గానే పసిగట్టాడు.

"నాన్నా, నేను చెప్పేది వినండి. పాత నల్ల ఫోను టెలిఫోన్‌వాళ్ళు పట్టుకుపోలేదు. మా ఆఫీసరు హాల్లో అలంకారానికి బాగుంటుందంటే ఇచ్చాను. ప్రమోషన్ల సమయం కదా. ఇప్పుడెలా అడగను నాన్నా?" స్టాండు జవాబివ్వలేదు. "సరే, అడుగుతాను. మీరు ఆఫీసుకి మాత్రం రాకండి."

సాయంత్రానికి ముందుగది సంతలా ఉంది. అక్క రిక్షావాడి చేత కుట్టుమిషను దింపించి, దాని మీద చెయ్యేసి నిలబడింది. గుమాస్తా ఒక చేత్తో స్క్రూడ్రైవరు, ఇంకో చేత్తో పదకేళి ముక్కల కట్ట పట్టుకొచ్చాడు. అన్నీ పూరించి ఉన్నాయి, సగం తప్పులు. కొడుకు నల్ల ఫోనుని పసిబిడ్డలా ఎత్తుకుని గుమ్మంలో ఆగాడు. ప్రమోషను ఇక రాదని అతని మొహం మీదే రాసి ఉంది. ఒకళ్ళ వంక ఒకళ్ళు చూడకుండా, ఎవరి నేరం వాళ్ళు మోసుకుంటూ నిలబడ్డారు.

అప్పుడు కోడలు వచ్చింది.

"ఏమైంది? ఆసుపత్రివాళ్ళు చేశారా మావయ్యా?"

"ఫోను పోయింది. ఎవడో ఎత్తుకుపోయాడు. స్టాండులోంచి గట్టిగా చెప్పాను, తెచ్చి పెట్టమని."

"ఫోనా?" అంది అక్క. "నువ్వడిగింది ఫోనా?"

కోడలు స్టాండు పక్కన చిన్న మీట నొక్కింది. "ఫోను ఎక్కడుంటే అక్కడ మోగుతుంది. ఇదీ చెప్పాను మావయ్యా, మీరు వినలేదు."

నిలువెత్తు గడియారం కడుపులోంచి ఫోను మోగింది.

పొద్దుటి నుంచీ ఎవరు చేసినా అది మోగుతూనే ఉంది. స్టాండు మోతలో ఆ మోత కలిసిపోయింది, అంతే. మేస్త్రీ తాళం తీశాడు. ఫోను లోలకానికి అడ్డంగా ఒరిగి ఉంది. దాన్ని తీయగానే లోలకం తనంతట తానే కాస్త ఊగింది. వేలితో తాకితే గడియారం నడవడం మొదలుపెట్టింది. తన పనిలో తప్పు లేదు. ఆ ఒక్క ముక్క ఆయన మనసుకి చేరింది, మొహానికి మాత్రం చేరనివ్వలేదు.

"అయితే దొంగవి నువ్వేనన్నమాట," అంది అక్క. "రిక్షాని పిలవండి, నా మిషను నేను తీసుకుపోతాను."

"కింద పెట్టు," అన్నాడు మేస్త్రీ.

"నాన్నా, పరువు తీసుకున్నాను," అన్నాడు కొడుకు. "అనవసరంగా."

"ఉంటేగా," అన్నాడు మేస్త్రీ.

గుమాస్తా మెల్లిగా ముక్కల కట్ట జేబులో పెట్టుకోబోయాడు. మేస్త్రీ ఎడమకన్నుతో చూశాడు. కట్ట బల్ల మీదికి వచ్చింది.

అప్పుడు ఫోను ఆయన చేతిలోనే మోగింది. ఈసారి ఎత్తాడు. అవతల పొద్దున "అయ్యో" అన్న గొంతే, తేనె పూసుకుని వచ్చింది.

"నమస్కారమండీ, కంటి ఆసుపత్రి. పొద్దున మీ వంతు మళ్ళీ వాయిదా పడిందని చెబుదామని చేశాం, ఇక అక్కర్లేదులెండి. మీ వంతు మా డాక్టరుగారి బావమరిదికి ఇచ్చిన మాట నిజమే, రెండుసార్లూ ఆయనకే. మీకెవరు చెప్పారో అడగను. రేపే రండి, మొదటి ఆపరేషన్ మీదే. నలుగురిలో మాత్రం..."

గదిలో అందరూ ఆయన మొహం వంకే చూస్తున్నారు. తప్పు ఫోను చేశారని చెప్పొచ్చు, పొరపాటని చెప్పొచ్చు. మేస్త్రీ గోడ మీది ఫోటో వంక చూశాడు.

"వస్తాను," అని పెట్టేశాడు. స్టాండులోనే పెట్టాడు.

కన్ను బాగుపడింది. నిలువెత్తు గడియారం వెళ్ళాల్సిన చోటికి వెళ్ళి, నేటికీ నడుస్తోంది. కుట్టుమిషను ఫోటో కింద ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు, మేస్త్రీ నూనె మాత్రం వేస్తాడు. "స్టాండులో మీ తిట్లు తుడిచేసి మళ్ళీ నా గొంతు పెడతాను మావయ్యా," అని కోడలు అడిగితే, "ఉండనీ," అన్నాడు.

ఆ రోజు సంగతి ఎవరెత్తినా ఆయన భూతద్దం కంటికి బిగించుకుని తల వంచేస్తాడు, ఒక్క మాట మాట్లాడడు. చెప్పాల్సింది ఫోను చేసినవాళ్ళందరికీ స్టాండు చెబుతూనే ఉంది.